జూలియన్ మీద మనసు విరిగిపోయింది ఎడిటర్ గారూ

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ అనుబంధంలో వేసవి సెలవుల్లో పిల్లలతో చదివించాల్సిన పుస్తకాలు అని ఒక పేజీ వేశారు కదా, అందులో ఇంగ్లీషు రచయిత్రి ఎనిడ్ బ్లైటన్ రాసిన ఫేమస్ ఫైవ్‌కీ, ఫైవ్ ఫైండ్ ఔటర్స్‌కీ కలిపి పెద్ద బాక్స్ కట్టారు, ఈ బుల్లి డిటెక్టివ్‌లని చిన్నప్పుడు ఒక్కసారి ఇష్టపడితే చచ్చేదాకా ఆ ఇష్టం పోదు అన్నట్టు రాశారు. నా పేచీ అంతా అక్కడే. నేను ఇష్టపడ్డాను, మామూలు ఇష్టం కాదు, ఫేమస్ ఫైవ్‌లో జూలియన్ లాంటి అన్నయ్య నాకెందుకు లేడని మా సొంత అన్నయ్య మొహం మీదే అడిగేంత ఇష్టం. అది పోయింది. పుస్తకాల మీద పోలేదు, ఇప్పటికీ సొరంగం, లైట్‌హౌస్, వాన రాత్రి, టార్చిలైటు అంటే చదువుతా, పోయింది ఆ పిల్లల మీద. ఇలా ఎందుకైందో రాయాలనిపించింది, పెద్దదయితే కత్తిరించుకోండి, మీ ఇష్టం.

మాది విజయవాడే. ఎనభైల చివర్లో మా వీధిలో అద్దెకి పుస్తకాలిచ్చే షాపు ఉండేది, ముందు అరల్లో అన్నీ అమ్మావాళ్ళు చదివే సీరియల్ నవలలూ డిటెక్టివ్ యుగంధర్‌లూ, వెనకాల కింద అరలో సెల్లోటేపు వేసిన ఇంగ్లీషు పిల్లల పుస్తకాలు, రోజుకి రూపాయి. ఇంగ్లీష్ వస్తుంది చదవండి అని నాన్నగారు ఆ ఒక్కదానికి మాత్రం అడగ్గానే డబ్బులిచ్చేవారు. రూపాయిలోనే ఇద్దరం పూర్తి చెయ్యాలి కాబట్టి అన్నయ్యా నేనూ ఒకే పుస్తకంలో తలలు దూర్చి చదివేవాళ్ళం, వాడు స్పీడుగా పేజీ తిప్పేసేవాడు, నాకు ప్రతి పేజీలో చివరి రెండు లైన్లు ఎగిరిపోయేవి, ఆ రెండు లైన్లలో ఏముందో కథని బట్టి ఊహించుకోవడమే. ఇప్పుడు అనిపిస్తోంది, నేను చదవకుండా వదిలేసిన ఆ లైన్లలోనే జూలియన్ అసలు గుణం ఉండి ఉంటుందని. జోక్‌లెండి.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఫేమస్ ఫైవ్ మొదటి పుస్తకం 1942లో వచ్చింది, చివరిది 1963లో, మొత్తం 21. జూలియన్, వాడి తమ్ముడు డిక్, చెల్లెలు ఆన్, వాళ్ళ కజిన్ జార్జ్ అంటే జార్జీనా, ఆ అమ్మాయి కుక్క టిమ్మీ. మొదటి పుస్తకంలో జూలియన్‌కి పన్నెండేళ్ళు, డిక్‌కీ జార్జ్‌కీ పదకొండు, ఆన్‌కి పది. కథలన్నీ స్కూలు సెలవుల్లోనే నడుస్తాయి, 21 సెలవులు ఎంత పొదుపుగా లెక్కేసినా జూలియన్ కాలేజీలో ఉండాల్సినవాడు, కానీ ఎప్పుడూ అదే స్కూలు పిల్లాడు, అదే నిక్కరు, అదే పెద్దరికం. వయసు పెరగకపోతే నాకేం ఇబ్బంది లేదండి, చందమామలో విక్రమార్కుడికి మాత్రం వయసు పెరిగిందా, నెలనెలా ఆ శవాన్నే భుజాన వేసుకుని నడిచాడు, మనమూ చదివాం. కాకపోతే 21 పుస్తకాల్లో ఒక్క మనిషి విషయంలో అయినా ఈ పిల్లలు అయ్యో అనవసరంగా మాటన్నామే అని అనుకున్నారా అని వెతికితే దొరికేది చాలా తక్కువ.

ముందు తిండి సంగతి చెప్తాను, ఎందుకంటే నా ప్రేమలో సగం తిండి మీదే. ఆ హ్యామ్, ఆ టమాటాలు, పొలం దగ్గర కోసిచ్చిన పాలకూర లాంటి లెట్యూస్, జింజర్ బీరు, చెర్రీ కేకు, గుడ్లు డజన్ల లెక్కన. ఆవకాయన్నం తింటూ చదివేవాళ్ళం, టంగ్ శాండ్‌విచ్ అంటే నాలుక అని అన్నయ్య డిక్షనరీ చూసి చెప్తే ఆ రోజు రాత్రి నాకు అన్నం సయించలేదు, అది వేరే కథ. తర్వాతెప్పుడో తెలిసింది, బ్రిటన్‌లో 1940 జనవరిలో రేషన్ మొదలై 1954 దాకా నడిచిందట, అంటే సగం పైగా పుస్తకాలు కూపన్లు చింపించుకుని వెన్న కొనుక్కునే రోజుల్లో రాసినవే. అప్పటి ఇంగ్లీషు పిల్లలు కూడా మాలాగే నోరూరించుకుంటూ చదివి ఉంటారు, అది తెలిశాక బ్లైటన్ మీద నాకు గౌరవం పెరిగింది. అయితే ఈసారి చదివేటప్పుడు నా కళ్ళు ప్లేటు మీద కాక ప్లేటు తెచ్చే చేతుల మీద పడ్డాయి. జార్జ్ వాళ్ళ ఇల్లు కిర్రిన్ కాటేజ్‌లో వంటావిడ జోన్ పొద్దున్నే లేచి ఇవన్నీ పొట్లాలు కడుతుంది, పొలాల దగ్గర రైతుల భార్యలు పిల్లల్ని చూసి మురిసిపోయి బుట్టలు నింపి ఇస్తారు, వాళ్ళు మంచివాళ్ళు. పెట్టేవాళ్ళు మంచివాళ్ళు, పెట్టనివాళ్ళు దొంగలు. ఇంత తేలిగ్గా మనుషుల్ని తేల్చెయ్యొచ్చని ఆ వయసులో నాకు తట్టలేదు, తట్టకపోవడమే మంచిదయింది, లేకపోతే ఆ కేకుల రుచి పోయేది.

అన్నయ్య వాళ్ళది మా అపార్ట్‌మెంట్‌లోనే మూడో ఫ్లోరు. వాళ్ళ అమ్మాయికి పదేళ్ళు, అదిప్పుడు ఈ పుస్తకాల పిచ్చిలో ఉంది, రోజూ సాయంత్రం వచ్చి "అత్తా నువ్వు చదువు నేను వింటా" అంటుంది, అలా నేను మళ్ళీ ఈ గొడవలో పడ్డా. మూడో పుస్తకం, 1944లో వచ్చిన ఫైవ్ రన్ అవే టుగెదర్ దగ్గర నాకు మొదటిసారి గొంతులో ఏదో అడ్డంపడింది. కథ ఏంటంటే, జోన్ లేనప్పుడు వంటకి మిసెస్ స్టిక్ అనే ఆవిడ వస్తుంది, ఆవిడకో కొడుకు ఎడ్గార్, మొహమంతా మొటిమలు, చదువు రాదు, నోటి దురద. జార్జ్‌ని పాట కట్టి ఏడిపిస్తాడు, వీళ్ళు తిరిగి వాడి మీద పాట కడతారు, అంతవరకూ పిల్లల తగాదా. మొటిమల మొహం అని పేరు పెట్టేస్తారు, ఆ పేరుతోనే పుస్తకమంతా పిలుస్తారు. జార్జ్ వాళ్ళ అమ్మకి ఒంట్లో బాగోక ఆస్పత్రికి వెళ్తే స్టిక్ కుటుంబం వీళ్ళకి సరిగ్గా తిండి పెట్టదు, టిమ్మీకి విషం పెట్టాలని కూడా చూస్తారు, వీళ్ళు పారిపోయి దగ్గర్లోని కిర్రిన్ దీవిలో కాపురం పెడతారు. అక్కడ తెలుస్తుంది స్టిక్ వాళ్ళు ఒక డబ్బున్నవాళ్ళ పాపని కిడ్నాప్ చేసి ఆ దీవిలోని పాత కోట కింద చెరలో దాచారని. ఆ పాపని బయటికి తెచ్చేసి ఆ స్థానంలో ఎడ్గార్‌ని పెట్టి తలుపు గడియ వేసేస్తారు మన హీరోలు. చీకట్లో. ఒక్కణ్ణి. వాళ్ళమ్మకి బుద్ధి రావాలట.

చిన్నప్పుడు ఈ సీన్‌కి అన్నయ్యా నేనూ చప్పట్లు కొట్టాం, మా మేనకోడలూ కొట్టింది. నాకు మాత్రం ఈసారి చేతులు లేవలేదు. ఆ పిల్లాడు చేసిన తప్పేంటి? వాళ్ళమ్మానాన్నా దొంగలు, వాడి నోరు మంచిది కాదు, మొటిమలున్నాయి. కిడ్నాప్ అయిన పాప వాళ్ళ నాన్న దగ్గరికి చేరింది, స్టిక్ దంపతుల్ని పోలీసులు పట్టుకున్నారు, పిల్లలందరూ తిని పడుకున్నారు, అమ్మా నాన్నా జైలుకి పోతే ఎడ్గార్ ఎక్కడికి పోయాడు, ఎవరింట్లో ఉన్నాడు, స్కూలు మానిపించారా, అడిగే నాథుడు లేడు. పిల్లి మీద, కుక్క మీద, కిర్రిన్ దీవి కుందేళ్ళ మీద ఎంత జాలి పడతారో ఆ పిల్లలు, ఆ జాలిలో చిటికెడు కూడా ఎడ్గార్ దాకా రాదు.

ఇక జూలియన్. అబ్బో ఆ మర్యాద! పెద్దవాళ్ళతో వాడు మాట్లాడే తీరు ఒకప్పుడు నాకు ఎంత స్టైల్‌గా అనిపించేదో. మిసెస్ స్టిక్‌తో గొంతు పెంచకుండా, మెత్తగా, ప్రతి మాటా కోసి కోసి అంటాడు, ఈ ఇంట్లో నువ్వెవరు నేనెవరు అనేది గుర్తు చేస్తూ. పన్నెండు పదమూడేళ్ళ పిల్లాడు తల్లి వయసున్న వంటమనిషితో అలా మాట్లాడితే మన ఇళ్ళల్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు, కనీసం మా ఇంట్లో ఏం జరిగేదో నాకు తెలుసు. అయినా మనం వాడి పక్షమే ఉంటాం, ఎందుకుంటాం? ఎందుకంటే చివరికి ఆవిడ కిడ్నాపర్ అని తేలుతుంది కాబట్టి. అసలు కిటుకు ఇక్కడుందండి, నేనిన్నాళ్ళకి పట్టుకుంది ఇదే. వీళ్ళకి నచ్చని మనిషే ఎప్పుడూ దొంగ అవుతాడు. మొదటి చాప్టర్‌లో మొహం నచ్చలేదు అంటారు, చివరి చాప్టర్‌లో పోలీసులు అదే మొహానికి బేడీలు వేస్తారు, మధ్యలో ఉన్నదాన్ని డిటెక్షన్ అంటారు. మర్యాద లేకుండా మాట్లాడినదానికి చివర్లో దొరికే సాక్ష్యం వెనకడుగు వేసుకుంటూ వచ్చి సారీ అక్కర్లేకుండా చేసేస్తుంది. జిప్సీలు, సర్కస్ వాళ్ళు, ఊరూరా తిరిగి ఏదో అమ్ముకునేవాళ్ళు, పరాయి యాస ఉన్నవాళ్ళు, వీళ్ళల్లో ఒకళ్ళో ఇద్దరో మంచివాళ్ళుంటారు, వాళ్ళకి ముందు స్నానం చేయించి తర్వాత ఫ్రెండ్‌షిప్. జో అని జిప్సీ పిల్ల ఒకతి వస్తుంది, అచ్చం జార్జ్ పోలికలే, జార్జ్ కంటే ధైర్యం, ప్రాణానికి తెగించి ఈ పిల్లల్ని కాపాడుతుంది కూడా, ఆ అమ్మాయిని కూడా సబ్బు పెట్టి తోమాకే దగ్గరికి రానిస్తారు. ఇప్పుడు చదివితే నాకు జో మీదే మనసు పోయింది, ఫేమస్ ఫైవ్‌లో ఒకర్ని తీసేసి ఆ అమ్మాయిని పెట్టే ఛాన్స్ నాకిస్తే ఎవర్ని తీసేస్తానో మీరే ఊహించుకోండి.

ఆన్ సంగతి వేరే చెప్పాలి. ఆ పిల్ల ప్రతి గుహలోనూ ప్రతి క్యారవాన్‌లోనూ ముందుగా చేసే పని షెల్ఫు వెతికి డబ్బాలు సర్దడం, తర్వాత గిన్నెలు తోమడం, మగపిల్లలు కట్టెలు తేవడానికి వెళ్ళి సాహసం చేసి వస్తారు. అది దానికి ఇష్టమేనని ప్రతిసారీ రాస్తారు, ఇష్టమేనేమో. జార్జ్‌కి ఇవి నచ్చవు, మగపిల్లాడిలా ఉండాలని ఆ అమ్మాయి పంతం, దాన్ని పొగడాలంటే ఆ పుస్తకాల్లో ఉన్న పెద్ద పొగడ్త ఒకటే, అబ్బాయిలా ఉన్నావు అని. జూలియన్ మాత్రం సందు దొరికితే గుర్తు చేస్తాడు, నువ్వెంత మగపిల్లాడిలా తిరిగినా ఆడపిల్లవే, నిన్ను మేం చూసుకోవాలి అని. జార్జ్ మీద మాత్రం నా ఇష్టం పోలేదండి, బ్లైటన్ కూడా జార్జ్ అంటే నేనే అని తర్వాత ఒప్పుకుందట, ఆ కోపం, ఆ మొండితనం నిజంగా ఎవరో అనుభవించి రాసినట్టే ఉంటుంది, మిగతా ముగ్గురూ అట్టముక్కలు. ఆన్ కూడా ఒకే ఒక్కచోట, 1962 నాటి పుస్తకంలో, విల్‌ఫ్రిడ్ అనే పొగరుబోతు పిల్లాడి మీద నీళ్ళు గుమ్మరిస్తుంది, ఎలుకపిల్ల పులయిందని మిగతావాళ్ళు నోళ్ళు వెళ్ళబెడతారు. అది చదివాక నా మేనకోడలు సోఫా మీద నుంచి దూకేసింది. ఇరవై ఏళ్ళ గిన్నెల తోముడుకి ఒక బకెట్ నీళ్ళు, సరేలెండి.

ఇదంతా పుస్తకాల్లో గొడవ, మీకెందుకు రాస్తున్నానంటే, మొన్న మా అపార్ట్‌మెంట్‌లో ఒక సైకిల్ పోయింది. పిల్లలందరూ డిటెక్టివ్ క్లబ్ పెట్టారు, మా మేనకోడలే లీడరు, రూళ్ళ నోటుబుక్కులో మార్జిన్ కొట్టి స్కెచ్ పెన్నుతో సస్పెక్టులు అని హెడ్డింగ్ పెట్టి రాసింది. వాచ్‌మెన్, నాలుగో ఫ్లోరు పనామె, గ్యాస్ సిలిండర్ అబ్బాయి, ఇస్త్రీ బండి తాత. పక్కన కారణాలు కూడా ఉన్నాయి. వాచ్‌మెన్ రాత్రుళ్ళు మెలకువగా ఉంటాడు (ఉండకపోతే జీతం ఎందుకిస్తాం!), పనామె పెద్ద సంచి తెచ్చుకుంటుంది, సిలిండర్ అబ్బాయి చూపు బాగోలేదు, తాత ఎప్పుడూ దగ్గుతాడు. దగ్గడం కూడా సాక్ష్యమే. అరవై ఫ్లాట్లున్నాయి మా దాంట్లో, ఆ లిస్టులో ఒక్క ఫ్లాటు నంబరు లేదు. నేను ఆ నోటుబుక్కు చేతిలో పట్టుకుని చాలాసేపు చూశా, ఎందుకంటే దాని దస్తూరి మా అన్నయ్య దస్తూరి లాగే ఉంటుంది. సైకిల్ సెల్లార్‌లో రెండో ఫ్లోరు అబ్బాయి కారు వెనక దొరికింది, అడక్కుండా తీసుకుని తొక్కి పంక్చర్ చేసి దాచేశాడు. వాళ్ళమ్మ వచ్చి పిల్లాడు కదండీ అంది, అందరం అవునండీ పిల్లాడే అన్నాం. ఈ నాలుగు రోజుల్లో పనామె సంచి ఎవరో గేటు దగ్గర తెరిపించి చూశారు, ఆవిడ ఏమీ అనలేదు, టిఫిన్ డబ్బా బయటికి తీసి చూపించి మళ్ళీ లోపల పెట్టుకుంది. ఆ పని చేసింది పిల్లలు కాదు, పెద్దవాళ్ళే, వాళ్ళెవరూ బ్లైటన్ చదివినట్టు నాకు తెలియదు, కాబట్టి నెపమంతా బ్లైటన్ మీద వేస్తే అన్యాయం అవుతుంది. కానీ ఆ నోటుబుక్కు చూశాక జూలియన్ గొంతు నాకు ఇంకోలా వినపడటం మొదలైంది, అది మాత్రం నిజం.

ఫైవ్ ఫైండ్ ఔటర్స్ వేరే సిరీస్, 1943లో మొదలై 1961 దాకా 15 పుస్తకాలు, పీటర్స్‌వుడ్ అనే ఊరు. ఇందులో హీరో ఫ్యాటీ, అసలు పేరు ఫ్రెడరిక్ ఆల్జర్నన్ ట్రాట్‌విల్, లావుగా ఉంటాడు, తెలివి, డబ్బు, వేషాలు, గొప్పలు, అన్నీ ఉన్నాయి. ఇక్కడ డిటెక్షన్ ఫేమస్ ఫైవ్ కంటే బావుంటుంది, క్లూలు, సస్పెక్టులు, ఎవరు ఎన్నింటికి ఎక్కడున్నారు అనే లెక్క ఉంటుంది. మొదటి దాంట్లో అయితే కాటేజీ తగలబడితే పిల్లలు దేశదిమ్మరినీ, పని మానిపించిన నౌకర్నీ అనుమానిస్తారు, చివరికి చూస్తే ఇన్సూరెన్స్ డబ్బు కోసం ఓనరే తగలబెట్టుకున్నాడని తేలుతుంది. చూశారా, రాయాలనుకుంటే బ్లైటన్ బ్రహ్మాండంగా రాయగలదు, అందుకే నాకు ఇంకా కడుపుమంట. తర్వాతొచ్చే ఇంకో దాంట్లో ఊళ్ళో వాళ్ళకి ఆకాశరామన్న ఉత్తరాలు రాసేది మళ్ళీ వంటావిడే.

ఫ్యాటీ మీద నాకు ప్రేమ పోవడానికి కారణం దొంగలు కాదు, మిస్టర్ గూన్. ఊరి కానిస్టేబులు, లావు, కళ్ళు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, ఎప్పుడు చూసినా పిల్లల్ని పొండి పొండి అని తరుముతుంటాడు, తెలివి తక్కువ, క్రెడిట్ కొట్టెయ్యాలనే ఆశ. మంచివాడేం కాదు, ఒప్పుకుంటా. కానీ పాపం అతను స్టిక్‌లాగా కిడ్నాపర్ కాదు కదా, డ్యూటీ చేసుకునే మామూలు పోలీసు, అతనికి దొంగ క్లూలు వేసి, మారువేషాలతో ఊరంతా తిప్పి, పై ఆఫీసరు ఇన్‌స్పెక్టర్ జెంక్స్ ముందు అతని పరువు తీసి, ఆ ఇన్‌స్పెక్టర్ పిల్లల వీపు తట్టడం, ప్రతి పుస్తకానికీ ఇదే తంతు. పిల్లలకి పై ఆఫీసరు ఫ్రెండు, కింద కానిస్టేబులు విరోధి, ఈ ఏర్పాటు ఎంత సుఖమో చూడండి. మన సినిమాల్లో కూడా కానిస్టేబుల్ అంటే పొట్టా, టోపీ జారిపోవడం, చెంపదెబ్బ తినడం, అది చూసి నవ్వీ నవ్వీ పెరిగాం కాబట్టి గూన్ మాకు కొత్తగా అనిపించలేదు.

అన్నిటికంటే బాధ ఎర్న్ సంగతి. గూన్‌కి కొడుకు వరస, ఎండాకాలం చెరువులో తామరాకులాగా అన్నిటికీ తేలిపోయే అమాయకుడు, కవిత్వం రాస్తాడు, స్పెల్లింగులు రావు, ఫ్యాటీ అంటే దేవుడు. 1948 నాటి పుస్తకంలో వీళ్ళు సెలవులు బోరు కొడుతున్నాయని ఒక ఉత్తుత్తి మిస్టరీ సృష్టించి ఆ పిల్లాణ్ణి రాత్రిపూట ఎక్కడెక్కడికో పంపిస్తారు, అది తెలిసి గూన్ వాణ్ణి బెత్తంతో కొడతాడు. దెబ్బలు తిన్నది ఎర్న్, ఆట ఆడింది వీళ్ళు. ఇక్కడ మాత్రం బ్లైటన్ వదిలెయ్యలేదు, పిల్లలకి కాస్త మొహాలు మాడతాయి, పాపం అంటారు, తర్వాత వాడితో మంచిగా ఉంటారు. మా మేనకోడలు కూడా అక్కడ నవ్వలేదు, "ఎర్న్ వాళ్ళమ్మకి చెప్పొచ్చుగా అత్తా" అంది. అలాగని అది ఫ్యాటీని వదిలిందనుకునేరు, మొన్న వాళ్ళ నాన్న పాత లుంగీ కట్టి, పెన్సిల్‌తో మీసాలు దిద్దుకుని పేపరబ్బాయి వేషంలో నా ఇంటి బెల్లు కొట్టింది. మీ పేపరే చేతిలో పెట్టుకుని.

ఆ రోజులు అలాంటివండీ, అప్పటి రచయితలకి ఇవన్నీ తెలీవు అని మీ పాఠకులు ఎవరో ఒకరు తప్పకుండా రాస్తారు. ఫేమస్ ఫైవ్‌కి 13 ఏళ్ళు ముందే, 1929లో, జర్మనీలో ఎరిక్ కెస్ట్‌నర్ ఎమిల్ అనే పిల్లాడి కథ రాశాడు, తల్లి మంగళి పని లాంటి పనే చేస్తుంది, ఇంట్లోనే ఆడవాళ్ళకి తలలు కడిగి జుట్టు సెట్ చేసి బతుకుతుంది. అమ్మమ్మకిమ్మని ఆవిడ కష్టపడి కూడబెట్టి ఇచ్చిన డబ్బు పోకుండా పిల్లాడు కోటు జేబు లోపల గుండుసూదితో గుచ్చుకుంటాడు, బెర్లిన్ వెళ్ళే రైల్లో నిద్రపోతే ఎదురు సీట్లో పెద్దమనిషి కొట్టేస్తాడు. దొంగకి చిరుగుల చొక్కా లేదు, నీటైన టోపీ ఉంది. బెర్లిన్ వీధి పిల్లలందరూ కలిసి అతని వెంట పడతారు, చివరికి బ్యాంకులో ఇది నా డబ్బే అని రుజువు చేసేది నోట్లకున్న సూది బెజ్జాలు! ఎంత ముచ్చటైన క్లూ! మొహం నచ్చకపోవడం కాదు, బెజ్జాలు. ఇంకా ఎమిల్‌కి పోలీసు దగ్గరికి పోవాలంటే భయం, ఎందుకంటే వాళ్ళ ఊళ్ళో విగ్రహానికి మీసాలు గీసొచ్చాడు, తను చేసిన తప్పు తనకి గుర్తుంది. ఈ పిల్లాణ్ణి నేను పెద్దయ్యాక చదివాను, అయినా ఇష్టపడ్డాను, కాబట్టి నాకు వయసు మీదపడి మనసు బండబారిపోయిందనే వాదన కూడా చెల్లదు.

అంత దూరం ఎందుకు, సత్యజిత్ రాయ్ రాసిన బెంగాలీ డిటెక్టివ్ ఫెలూదా ఉన్నాడు, 1965 నుంచి. అతని పక్కన జటాయు, అసలు పేరు లాల్‌మోహన్ గంగూలీ, బట్టతల, పొట్టి, బోలెడు అమ్ముడుపోయే థ్రిల్లర్లు రాస్తాడు, అన్నీ తప్పుల తడకలే, ఒంటె నీళ్ళు ఎక్కడ దాచుకుంటుందో కూడా తప్పు రాస్తాడు. ఫెలూదా ఆ తప్పులు సరిచేస్తాడు, మనకి నవ్వొస్తుంది, అయినా ఆ పెద్దాయన్ని తక్కువ చేసినట్టు ఎక్కడా అనిపించదు, ప్రయాణాలకి ఆయన లేకుండా కదలరు. గూన్‌ని చూసి నవ్వే నవ్వుకీ జటాయుని చూసి నవ్వే నవ్వుకీ ఎంత తేడా ఉందో పక్కపక్కన పెట్టి చదివితే పదేళ్ళ పిల్లకి కూడా తెలిసిపోతుంది, చెప్పక్కర్లేదు.

ఇంతా రాశానని ఈ పుస్తకాలు తీసేయండి, మాటలు మార్చేయండి అనే బ్యాచ్‌లో నన్ను కలిపెయ్యకండి. మార్చి చూశారు కూడా. 2010లో ఆ పబ్లిషర్ ఫేమస్ ఫైవ్‌లో పాత ఇంగ్లీషు మాటలు తీసి కొత్తవి పెట్టారు, మదర్ ఫాదర్ అన్నచోట మమ్ డాడ్ లాంటివి, జనానికి నచ్చలేదు, 2016లో పాత పాఠానికే తిరిగెళ్ళారు. అమ్మని ఏమని పిలిస్తే ఏంటండీ, జూలియన్ మిసెస్ స్టిక్‌ని చూసే చూపు మారుతుందా దాంతో? అమెరికా పుస్తకాల్లో డిటెక్టివ్ పిల్ల నాన్సీ డ్రూ గతి కూడా ఇంతే, 1930లో మొదలైనప్పుడు పదహారేళ్ళ తెగువ పిల్ల, 1959 నుంచి పాత పుస్తకాలు తిరగరాసినప్పుడు జాతి వివక్ష మాటలతో పాటు ఆ పిల్ల తెగువ కూడా కాస్త కత్తిరించేశారు, పద్దెనిమిదేళ్ళ బుద్ధిమంతురాలయి కూర్చుంది. ఎడ్గార్‌ని అలాగే ఉంచాలి, మొటిమలతో సహా, వాణ్ణి చెరలో పెట్టడం కూడా అలాగే ఉంచాలి. చదివినవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు గుచ్చుకుంటుంది, గుచ్చుకోకపోతే మానె.

మీకు నా విన్నపం వేరే. మీ పిల్లల పేజీలో ప్రతివారం దొంగెవరో కనుక్కోండి అని బొమ్మల పజిల్ వేస్తారు కదా, మా మేనకోడలు అది కత్తిరించి దాచుకుంటుంది, దాని ఫైలు తీసుకుని నేను వరసగా చూశాను. తోటమాలి, వంటవాడు, పాలబ్బాయి, కొత్తగా చేరిన డ్రైవరు, మళ్ళీ తోటమాలి. గళ్ళ లుంగీ, మెడలో కర్చీఫు, బుగ్గ మీద పుట్టుమచ్చ. ఇంటి యజమాని ప్రతిసారీ డ్రెస్సింగ్ గౌన్ వేసుకుని గుండె పట్టుకుని ఉంటాడు (ఆంధ్రాలో డ్రెస్సింగ్ గౌన్ ఎవరేసుకుంటారండీ బాబూ). మీ ఆర్టిస్ట్ గారికి చెప్పండి, బొమ్మలు చాలా బావుంటున్నాయి, క్లూలు కూడా బాగా పెడుతున్నారు, ఒకవారం ఆ గౌన్ ఆయన్నే దొంగని చెయ్యమనండి, ఇన్సూరెన్స్ కోసమో అప్పుల కోసమో ఆయన నగలు ఆయనే దాచుకున్నట్టు. క్లూ కావాలంటే బీరువా తాళం లోపలివైపు పెట్టమనండి, పిల్లలు పట్టేస్తారు.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు,
విజయవాడ